వేదిక మీద సాయంత్రం ఏడు, ఒంట్లో తెల్లవారుజాము నాలుగున్నర

జులై మొదటి వారం దగ్గర పడేసరికి శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా వెళ్ళే ప్రయాణికుల వరుసల్లో మృదంగం సంచులు, వీణ పెట్టెలు, నాట్య బృందాల ఆహార్యం సర్దిన పెద్దపెద్ద సూట్‌కేసులు కనిపించడం మొదలవుతుంది. తానా మహాసభలు రెండేళ్లకొకసారి ఆ రోజుల్లోనే జరుగుతాయి. ఇతర సంఘాల సభలు, గుళ్లలో కచేరీలు, అక్కడ పుట్టి పెరిగిన పిల్లల కూచిపూడి రంగప్రవేశాలు కూడా ఎక్కువగా వేసవి సెలవుల్లోనే పెట్టుకుంటారు. అలాంటి బృందం ఒకటి గురువారం తెల్లవారుజామున ఇక్కడ విమానమెక్కి, మధ్యలో ఒకచోట మారి, అక్కడి లెక్కలో అదే రోజు మధ్యాహ్నం న్యూజెర్సీలో దిగిందనుకుందాం. శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు కచేరీ. గాయని తంబురా శ్రుతి విని వర్ణం అందుకునే ఆ క్షణానికి హైదరాబాదులో శనివారం తెల్లవారుజాము నాలుగున్నర. చేతి గడియారం మార్చుకోవడానికి నిమిషం చాలు కానీ, ఒంట్లోని గడియారం మారడానికి వారం పైగా పడుతుంది.

తరచూ ప్రయాణం చేసే కళాకారులను ఒళ్లు ఎలా కాపాడుకుంటారని అడిగితే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పద్ధతి ఉంటుంది, ఆ పద్ధతులు ఒకదానికొకటి పొసగవు. విమానంలో వీలైనంత నిద్రపోవాలని ఒకరు, ఒక్క కునుకు కూడా తీయకూడదని ఇంకొకరు చెబుతారు. కాఫీ ముట్టొద్దని ఒక గాయకుడంటే, వేదిక ఎక్కే ముందు కాఫీ లేనిదే చెయ్యి కదలదని ఒక మృదంగ విద్వాంసుడు అంటారు. ఇరవై ఏళ్లుగా వయొలిన్ పక్కవాద్యం వాయిస్తూ వీళ్లతో తిరిగాను, ఈ సలహాలన్నీ విన్నాను, చాలావాటిని పాటించి చూశాను. వీటిలో అబద్ధాలు తక్కువ. చిక్కేమిటంటే వేర్వేరు బాధలకు చెప్పిన మందులను మనం ఒకే మూటలో కట్టేసుకుంటున్నాం. దూరప్రయాణం శరీరాన్ని మూడు దారుల్లో దెబ్బతీస్తుంది. కాలం తారుమారవుతుంది, గాలి పొడిబారుతుంది, గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. ఈ మూడింటి నివారణలు వేరు, అవి పనిచేసే వేళలూ వేరు. నాలుగోది కూడా ఉంది. అది కార్యక్రమాల తేదీలు వేసే పద్ధతి. నా దృష్టిలో మొదటి మూడూ కలిపినా దానికి సరిరావు, అయితే వాటి సంగతి తెలిస్తేగాని దాని బరువు అర్థం కాదు.

ఒంట్లోని గడియారం

మెదడు అడుగుభాగంలో, హైపోథలామస్‌లో, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉంది. నిద్ర, మెలకువ, శరీర ఉష్ణోగ్రత, హార్మోన్లు ఏ వేళకు ఎలా ఉండాలో అదే నడుపుతుంది. దాని సొంత చుట్టు సరిగ్గా 24 గంటలు కాదు, చాలామందిలో 24 గంటల కంటే కాస్త ఎక్కువ. కంటిలోకి వచ్చే వెలుగు దాన్ని ప్రతిరోజూ సూర్యుడితో సరిచేస్తూ ఉంటుంది. కణం లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. కాలేయానికీ పేగులకూ కూడా తమవైన గడియారాలున్నాయి, కాకపోతే అవి వెలుగుకంటే భోజనం వేళలను ఎక్కువగా పట్టుకుంటాయి. అందుకే అమెరికాలో దిగిన రెండో రోజు అర్ధరాత్రి రెండింటికి కళ్లు తెరుచుకోవడమే కాదు, కడుపు కూడా మధ్యాహ్న భోజనం అడుగుతుంది.

ఈ గడియారంలో కళాకారులు గుర్తుపెట్టుకోవలసిన ఘడియ ఒకటుంది. రోజూ మనం అలవాటుగా నిద్రలేచే వేళకు రెండు మూడు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత బాగా తక్కువకు దిగుతుంది. చురుకుదనం, జ్ఞాపకం, చేతివేగం అన్నీ ఆ ప్రాంతంలోనే అడుగంటుతాయి. ఉదయం ఏడింటికి లేచే మనిషికి అది దాదాపు నాలుగు, నాలుగున్నర. పైన చెప్పిన న్యూజెర్సీ కచేరీ సరిగ్గా ఆ ఘడియలో మొదలవుతుంది. ఎన్నో ఏళ్లు సాధన చేసిన విద్వాంసులు కూడా మొదటి కచేరీలో చరణం మరిచిపోవడం, మృదంగం ఒక్కటే మోగే తనియావర్తనంలో ముగింపు జతి అయిన ముక్తాయింపు లెక్క తప్పడం నేను చూశాను. ప్రేక్షకులు దాన్ని సాధన లోపమనుకుంటారు, కళాకారులు కూడా తమనే నిందించుకుని ఆ రాత్రంతా బాధపడతారు. నిజానికి ఆ లెక్కలు కట్టవలసిన మెదడు అప్పటికి గాఢనిద్రలో ఉండవలసిన వేళ అది.

ఇదే లెక్క డాలస్‌కు వేస్తే సాయంత్రం ఏడంటే మనకు తెల్లవారి అయిదున్నర, శాన్ ఫ్రాన్సిస్కోకు వేస్తే ఏడున్నర. అంటే మొదటి వారాంతం కార్యక్రమం పశ్చిమ తీరంలో పడితే గాయకుడు ఇంటి దగ్గర సాధనకు కూర్చునే వేళకే వేదిక ఎక్కుతాడు. తూర్పు తీరంలో పడితే ఇంటి దగ్గర ఎన్నడూ పాడని వేళలో పాడాలి. వేకువన నాలుగింటికే లేచి అకార సాధకం చేసే పాతకాలపు అలవాటున్న వారికి ఉష్ణోగ్రత అడుగంటే ఘడియ ఇంకా ముందే, ఒంటిగంట రెండు మధ్య, గడిచిపోతుంది కాబట్టి న్యూజెర్సీ వారిని అంతగా బాధించదు. అర్ధరాత్రి దాకా రికార్డింగులు చేసి పొద్దెక్కి లేచే సినిమా గాయకులకు డాలస్ కూడా కష్టమే. కనుక ఒకరికి సరిపోయిన సలహా పక్కవారికి సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ముందుగా ఎవరికి వారు తమ నిద్రలేచే వేళ నుంచి ఆ కనిష్ఠ ఘడియను లెక్కకట్టుకోవాలి.

ఆ ఘడియ తెలిస్తే వెలుగును మందులా వాడుకోవచ్చు. కనిష్ఠ ఘడియకు ముందు గంటల్లో కంటికి తగిలే గట్టి వెలుగు ఒంటి గడియారాన్ని వెనక్కి నెడుతుంది, ఆ తరువాతి గంటల్లో తగిలే వెలుగు ముందుకు లాగుతుంది. మనం ఇక్కడి నుంచి న్యూజెర్సీ వెళ్తే తొమ్మిదిన్నర గంటలు వెనక్కి జరగాలి. ఏడింటికి లేచే మనిషికి దిగిన మొదటి రోజు ఈ రెంటినీ విడదీసే గీత, అంటే ఆ కనిష్ఠ ఘడియ, సాయంత్రం ఏడు దగ్గర పడుతుంది. మధ్యాహ్నం నుంచి ఏడు దాకా ఆరుబయట ఎండ వెలుగులో గడపాలి. అక్కడ జులైలో పొద్దు గూకేది ఎనిమిదిన్నర ప్రాంతంలో కాబట్టి ఏడు దాటాక నల్లకళ్లద్దాలు పెట్టుకోవడమో, దీపాలు తగ్గించిన గదిలో ఉండడమో మేలు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే లేచి ఫోను చూడకుండా చీకట్లోనే పడుకుని ఉండాలి. రోజుకు సుమారు గంట, గంటన్నర చొప్పున ఆ గీత ఇంకా ఆలస్యపు వేళకు జరుగుతుంది. తూర్పు వైపు ప్రయాణంలో సర్దుబాటు ఇంకా నెమ్మది, ఎందుకంటే 24 గంటలకు మించి నడవడం స్వభావంగా ఉన్న గడియారాన్ని ముందుకు జరపడం కంటే వెనక్కి జరపడమే దానికి తేలిక. అమెరికా నుంచి ఇంటికి తిరిగొచ్చాక పడే అవస్థ వెళ్ళినప్పటికంటే ఎక్కువని చాలామంది చెప్పడానికి కారణం ఇదే.

దగ్గరి ప్రయాణాలకు ఈ తంటా అక్కర్లేదు. దుబాయ్‌కి గంటన్నర, సింగపూర్‌కి రెండున్నర గంటల తేడా మాత్రమే. రెండు మూడు రోజుల్లో తిరిగివచ్చేటప్పుడు హైదరాబాదు వేళల్లోనే తిని, ఆ వేళల్లోనే పడుకోవడం మంచిది. సిడ్నీలో జులై నెలలో సాయంత్రం ఏడంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. కచేరీ చక్కగా సాగుతుంది, కానీ రాత్రి పదకొండుకు నిద్ర రాదు. లండన్‌లో వేసవి సాయంత్రం ఏడంటే మనకు రాత్రి పదకొండున్నర. రాత్రుళ్లు మెలకువగా ఉండే అలవాటున్న మనవాళ్లకు ఆ మొదటి కచేరీ పెద్ద భారం కాదు.

విమానంలో నిద్రపోవాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. చేరబోయే ఊళ్లో రాత్రయితే నిద్రపోవాలి, పగలైతే చిన్న కునుకుతో సరిపెట్టుకోవాలి. కచేరీ రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకోవడం వల్ల ఎండలో ఉండే సమయం కొంత తగ్గినా లాభమే ఎక్కువ, కాకపోతే వేదిక ఎక్కడానికి కనీసం రెండు గంటల ముందు లేవాలి. నిద్రమత్తు తీరని గొంతు, వేళ్లు మాట వినవు. మెలటోనిన్ అమెరికాలో విటమిన్ మాత్రల్లా దుకాణాల్లో అమ్ముతారు, బ్రిటన్‌లో డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. అది నిద్రమాత్ర కాదని, రాత్రి అయిందని శరీరానికి చెప్పే హార్మోన్ అని తెలుసుకోవాలి. వేళ తప్పి వేసుకుంటే గడియారాన్ని అది తప్పు వైపు జరుపుతుంది. డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు, కచేరీ రోజున కొత్తగా ప్రయత్నించనే కూడదు. కాఫీ సంగతి తేలిక. తాగిన అయిదారు గంటలకు కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది. కార్యక్రమానికి ముప్పావు గంట ముందు తాగిన ఒక చిన్న కప్పు వేదిక మీద మేలు చేస్తుంది, రాత్రి నిద్రలో కొంత కోత పెడుతుంది. ఆ బేరం తెలిసి చేసుకోవాలి.

గొంతు పోయేది ఎక్కడ

విమానం లోపలి గాలిలో తేమ సాధారణంగా 10 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది. సముద్రతీరం నుంచి వచ్చిన మన గొంతులకు అది ఎడారి. స్వరతంత్రులు పాడేటప్పుడు స్త్రీలలో సెకనుకు రెండు వందల సార్లకు పైగా, పై స్థాయికి వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువగా, ఒకదానికొకటి తగులుతాయి. వాటి మీద పలచని తడిపొర ఉన్నంతసేపే ఆ తాకిడి నొప్పి లేకుండా సాగుతుంది. ఆ పొర ఆరితే అదే స్వరం పలకడానికి ఊపిరి ఎక్కువ ఒత్తిడితో కొట్టాలి. అలా కొట్టినకొద్దీ తంత్రులు వాస్తాయి.

ఇక్కడ ఒక పొరపాటు నమ్మకం తరతరాలుగా ఉంది. మంచినీళ్లు గానీ, మిరియాల పాలు గానీ, బుగ్గన పెట్టుకున్న కరక్కాయ, పటికబెల్లం, లవంగం గానీ స్వరతంత్రులను నేరుగా తాకవు. మింగేటప్పుడు శ్వాసనాళం మూతపడుతుంది కాబట్టి, తాకితే మనకు పొలమారుతుంది. తాగిన నీరు రక్తంలో కలిసి, గంటల తరువాత, లోపలి నుంచి ఆ పొరను తడుపుతుంది. కనుక వేదిక మీద గుక్కగుక్కకూ తాగే నీళ్లకంటే ముందు రోజు నుంచీ తాగిన నీళ్లే గొంతుకు పనికొస్తాయి. తంత్రులను నేరుగా చేరేది పీల్చే గాలి ఒక్కటే. అందుకే వేడినీళ్ల ఆవిరికి ఉన్న విలువ దేనికీ లేదు, అందులో ఏ మందూ కలపనవసరం లేదు. కరక్కాయ అలవాటున్న వారిని మానమని నేను చెప్పను. అది నోట్లో లాలాజలం ఊరేలా చేసి గొంతు గరగరను తగ్గిస్తుంది, దానివల్ల మాటిమాటికీ గొంతు సవరించుకునే అవసరం తప్పుతుంది. గొంతు సవరించుకోవడం స్వరతంత్రులను ఒకదానికొకటి వేసి బాదడమే కాబట్టి ఆ లాభం చిన్నదేమీ కాదు.

కానీ పర్యటనల్లో గొంతులు పాడి పాడి పోవడం నేను తక్కువ చూశాను. మాట్లాడి పోవడమే ఎక్కువ. విమానం హోరు 80 డెసిబెల్స్ దాటుతుంది, ఆ హోరులో పక్కవారితో మాట్లాడేటప్పుడు మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. దిగాక విమానాశ్రయం నుంచి ఆతిథ్యమిచ్చే వారింటికి గంట కారు ప్రయాణం. వారు ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన అతిథులు కాబట్టి ఇంటినిండా మనుషులుంటారు, అందరూ ప్రేమగా పలకరిస్తారు, అందరికీ జవాబు చెప్పాలి. కచేరీ ముగిశాక పెద్ద హాల్లో విందు, ఫొటోలు, పిల్లలకు ఆశీస్సులు, చెవుల్లో హోరుమనే సంగీతం, ఆ హోరుపైన మన మాట. రెండున్నర గంటలు మైకు సాయంతో పాడినదానికంటే ఆ గంటన్నర విందు గొంతును ఎక్కువ అరగదీస్తుంది. ఒక పెద్ద గాయనితో మూడు పర్యటనల్లో ఉన్నాను. కచేరీ అయిన వెంటనే ఆమె మెడకు శాలువా చుట్టుకుని, చిరునవ్వుతో చేతులు జోడించి, జవాబులన్నీ తన శిష్యురాలి చేత చెప్పించేవారు. మొదట్లో గర్వమనుకున్నాను, ఆరు వారాల చివరి కచేరీలో తారస్థాయి పంచమం మొదటి రోజంత నిర్మలంగా పలికినప్పుడు విషయం అర్థమైంది.

రాత్రి భోజనం రెండో శత్రువు. కార్యక్రమం పదింటికి ముగిసి, పదకొండుకు పులుసులు, వేపుళ్లు, గారెలు తిని, అలసటతో పన్నెండుకు పడుకుంటే కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నుతుంది, పొద్దున లేచేసరికి గొంతు బొంగురుపోతుంది. చాలామంది దాన్ని జలుబనుకుని జలుబు మందులు వేసుకుంటారు. ఆ మందుల్లో చాలావాటికి లోపలి తేమను ఆర్పే గుణం ఉంది కాబట్టి గొంతు మరింత చెడుతుంది. తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకోవడం కూడా గాయకులకు మంచిది కాదు. రక్తాన్ని పలచబరిచే మందు కావడంతో, గట్టిగా పాడేటప్పుడు స్వరతంత్రుల్లోని సన్నని రక్తనాళం చిట్లితే రక్తస్రావం పెద్దదయ్యే ప్రమాదం ఉంది. సాయంత్రం నాలుగున్నరకు కడుపునిండా భోంచేసి, కచేరీ తరువాత పెరుగన్నంతో సరిపెట్టుకోవడం పాత విద్వాంసుల పద్ధతి, అంతకంటే మంచిది నాకు కనిపించలేదు. ఏప్రిల్ ప్రాంతంలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకు వెళ్ళేవారికి మరో జాగ్రత్త కావాలి. 1978 నుంచి జరుగుతున్న ఆ ఉత్సవం ఈస్టర్ రోజుల్లో వస్తుంది, బయట చలి, లోపల హీటర్ల వేడి. ఆ వేడిగాలి విమానంలో గాలిలాగే పొడిగా ఉంటుంది కాబట్టి గదిలో తేమయంత్రమో, కనీసం తడి తువ్వాలో ఆరేసుకోవాలి.

కాళ్లు, నడుము, చేతులు

నర్తకుల బాధ వేరు. ఇరవై గంటల ప్రయాణంలో పాదాలు, చీలమండలు వాస్తాయి, తుంటి కీళ్లు బిగుసుకుంటాయి. కూచిపూడిలో అరమండి నుంచి లేచే ప్రతి కదలికకూ ఆ తుంటే ఆధారం. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడే పాదానికి వాపు ఉంటే పట్టు దొరకదు. పైగా అక్కడి వేదికలు చాలావరకు నాట్యం కోసం కట్టినవి కావు. కన్వెన్షన్ సెంటర్లలో కాంక్రీటు మీద చెక్కబల్లలు పరిచి వేదిక కడతారు, కొన్నిచోట్ల ఆ కాంక్రీటు మీదే పలచని కార్పెట్ వేస్తారు. చెప్పుల్లేని పాదంతో గంటన్నర అడుగులు వేస్తే ఆ దెబ్బంతా మోకాలి కింది ఎముక మీద పడుతుంది. వేదిక దేనితో కట్టారో ముందే అడిగి తెలుసుకుని, గట్టి నేల అయితే ఎగురుళ్లున్న అంశాలు తగ్గించడం నాట్యాచార్యుల బాధ్యత.

గంటల తరబడి కదలకుండా కూర్చోవడంలో అన్నిటికంటే తీవ్రమైన ప్రమాదం కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణం ఈ ప్రమాదాన్ని సుమారు రెండింతలు చేస్తుందని, అయినా అది 6,000 మందిలో ఒకరికి వచ్చేంత అరుదేనని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మామూలు మనిషికి గంటకొకసారి లేచి నడవడం, కూర్చునే మడమలు పైకీ కిందికీ ఆడించడం చాలు. అయితే నాట్య బృందాల్లో ఎవరూ పైకి చెప్పుకోని విషయం ఒకటుంది. కార్యక్రమం తేదీకి నెలసరి అడ్డు రాకుండా వాయిదా మాత్రలు వేసుకునే అమ్మాయిలు చాలామంది ఉన్నారు, అవీ చాలాసార్లు డాక్టరును అడగకుండా మందుల దుకాణంలో కొన్నవే. ఆ హార్మోన్ మాత్రలు రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచగలవు. దానికి తోడు దూరప్రయాణం, దానికి తోడు నిద్రమాత్ర వేసుకుని కదలకుండా పడుకోవడం, మూడూ కలవకూడదు. ఇంట్లో ఎవరికైనా అలా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందేమో డాక్టరుకు చెప్పకుండా ఆ మాత్రలు వేసుకోవద్దని గురువులే తమ శిష్యురాళ్లకు విడమరచి చెప్పాలి. ప్రయాణం తరువాత ఒక కాలే వాచి, పిక్క నొప్పి పుడుతుంటే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే, కార్యక్రమం సంగతి పక్కనబెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి.

వాద్యకారులకు వాద్యం ఆరోగ్యం కూడా తమ ఆరోగ్యంలో భాగమే. పొడిగాలికి మృదంగం మూతలు బిగిసి శ్రుతి పెరుగుతుంది, వాటిని దారికి తెచ్చేసరికి కచేరీ ముందు పడుకోవలసిన గంట కాస్తా కరిగిపోతుంది. వీణ మెట్లు మైనంలో నిలబెట్టినవి కాబట్టి టెక్సస్ ఎండలో ఆపిన కారులో వీణను వదిలితే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. తాతలనాటి వీణకు ఏనుగు దంతపు నగిషీ ఉంటే దాన్ని ఇంటి దగ్గరే ఉంచి వెళ్ళాలి, దంతం విషయంలో అమెరికా కస్టమ్స్ నిబంధనలు చాలా కఠినం. ఇలాంటి చిన్న ఆందోళనలే రాత్రి నిద్రను మింగేస్తాయి.

భోజనం గురించి రెండు మూడు మాటలు చాలు. విమానం టికెట్టులో హిందూ భోజనం అని ఎంచుకుంటే అందులో మాంసం రావచ్చు, శాకాహారులు ఏషియన్ వెజిటేరియన్ అన్నదాన్నే ముందుగా అడగాలి. గోంగూర పచ్చడి, నెయ్యి భద్రతా తనిఖీలో ద్రవపదార్థాల కిందికే వస్తాయి కాబట్టి పెద్ద సీసాలు చేతిసంచిలో కుదరవు. ఇన్సులిన్ మాత్రం తప్పకుండా చేతిసంచిలోనే ఉండాలి, సామాను అరలో చలికి గడ్డకట్టి పాడవుతుంది. మధుమేహం ఉన్న కళాకారులు తొమ్మిదిన్నర గంటల తేడాలో ఏ మోతాదు ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి.

తేదీలు ఎవరు వేస్తారు

ఊరూరా తిరగడం మన కళలకు కొత్త కాదు. కూచిపూడి భాగవత మేళాలు ఊరి నుంచి ఊరికి నడిచీ బండ్లమీదా వెళ్ళి రాత్రంతా ఆడేవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో పుట్టిన సురభి సమాజాలు తరతరాలుగా కుటుంబాలతో సహా తిరుగుతూ నాటకాలాడాయి. ఆ జీవితం సుఖమైనదని నేననను. కానీ ఆ ప్రయాణాల్లో రెండు రక్షణలుండేవి. బండి ఎంత దూరం వెళ్ళినా సూర్యుడు వేళ తప్పేవాడు కాదు. ఒక ఊళ్లో డేరా వేస్తే రోజులు, వారాలు అక్కడే. వంటవాళ్లూ పిల్లలూ పెద్దలూ వెంటే ఉండేవారు కాబట్టి నిద్రా భోజనాలు మేళం వేళలను బట్టి నడిచేవి. ఇప్పుడు బృందమంటే నలుగురు, వాళ్లను మోసేది విమానం, వాళ్ల వేళలు నిర్ణయించేది పన్నెండు ఊళ్లలోని పన్నెండు వేర్వేరు కమిటీలు.

అమెరికా పర్యటనలో కార్యక్రమాలన్నీ శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకానే జరుగుతాయి, మిగతా రోజుల్లో అందరికీ ఉద్యోగాలు. ఆరు వారాల పర్యటనకు ఖర్చులు గిట్టాలంటే ప్రతి వారాంతంలో రెండు ఊళ్లు పడాలి. శనివారం రాత్రి పదిన్నరకు కచేరీ ముగుస్తుంది, విందు ముగిసేసరికి పన్నెండున్నర. ఆదివారం మధ్యాహ్నం మరో రాష్ట్రంలో కార్యక్రమం కాబట్టి ఉదయం ఆరు గంటల విమానం, దానికి మూడున్నరకు ఇల్లు కదలాలి. చక్కగా లెక్క వేస్తే రెండున్నర గంటల నిద్ర. ఈ బండచాకిరీ పెట్టేది చెడ్డ మనుషులు కాదు. కమిటీలో అందరూ సొంత డబ్బు, సొంత సెలవులు పెట్టి పనిచేసే కళాభిమానులే, ఒక్కొక్క కమిటీకి తన ఒక్క సాయంత్రమే కనిపిస్తుంది. పర్యటన మొత్తం కళ్లముందున్నది కళాకారుడికే, కానీ అతనికి తేదీలు చెప్పేసరికి అన్నీ ఖాయమైపోయి ఉంటాయి. ఆవిరి పట్టడం, నీళ్లు తాగడం, కాళ్లాడించడం, వెలుగు చూసి మెలగడం అన్నీ చేసినా ఆ రెండున్నర గంటల నిద్ర దగ్గర ఓడిపోతాయి.

కాబట్టి మాట్లాడవలసిన సమయం విమానమెక్కే రోజు కాదు. కళాకారులకిచ్చే పి-3 వీసాకు నిర్వాహకులు దరఖాస్తు చేసేటప్పుడు కార్యక్రమాల వివరాలు, తేదీలు జతచేస్తారు. అది జరిగేది నెలల ముందు. ఆ కాగితం తయారవుతున్నప్పుడే కళాకారులు మూడు విషయాలు గట్టిగా అడగాలని నా మనవి. దిగిన రోజుకూ మొదటి కార్యక్రమానికీ మధ్య రెండు రాత్రులైనా ఉండాలి, వీలైతే మొదటి వారాంతం పశ్చిమ తీరంలో పడాలి. కచేరీ జరిగిన మర్నాడు ఉదయం తొమ్మిదికి ముందు విమానం వద్దు, దాని కోసం ఆదివారం కార్యక్రమాన్ని కారులో వెళ్ళగలిగిన ఊరికి మార్చుకోవాలి. బసలో తలుపు వేసుకోగలిగిన గది కావాలి. డబ్బు అడగడానికి మొహమాటపడే మన కళాకారులు నిద్ర అడగడానికి ఇంకా మొహమాటపడతారు. నేనూ పదేళ్లు అలాగే ఉన్నాను. ఒక పర్యటనలో వరుసగా మూడు వారాంతాలు అలా నిద్రలేక తిరిగి, నాలుగో వారం ఎడమచేతి చిటికెనవేలు తిమ్మిరెక్కి, కచేరీ మధ్యలో రాగం వాయించలేక గాయకుడి వంక నిస్సహాయంగా చూశాను. ఆయన అర్థం చేసుకుని పల్లవి అందుకున్నారు. ఇంటికొచ్చాక ఆ వేలికి స్పర్శ పూర్తిగా రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ తరువాతి ఏడాది నేను మొదటిసారిగా ఒప్పందం కాగితం మీద నా చేత్తో రెండు వాక్యాలు రాశాను. నిర్వాహకుడు ఫోన్ చేసి, ఇంతవరకూ మాతో ఎవరూ చెప్పలేదండీ, చెప్పి ఉంటే ఎప్పుడో మార్చేవాళ్లం కదా అన్నారు. ఇప్పుడు అమెరికా నుంచి తిరిగొచ్చిన వారంలో కచేరీ ఒప్పుకోను, ఇంటి దగ్గర విద్యార్థులకు పాఠం కూడా నాలుగో రోజు సాయంత్రం మొదలుపెడతాను. ఆ మూడు రోజులూ పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద ఎండ పొడ తగిలేదాకా నడుస్తాను, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆకలి లేకపోయినా కంచం ముందు కూర్చుంటాను, వయొలిన్ పెట్టె మూత మాత్రం తెరవను.